ఊరి అట్ట మీద ఏడో అధ్యాయం

సెప్టెంబరు 12

రాత్రి తుపాను అంచు తగిలి పోయింది. పొద్దుటికి గాలి తగ్గి సన్నజల్లు మిగిలింది. కింది తోటలో రెండు కొమ్మలు విరిగాయి. మేం ఎండబెట్టి అమ్మే కకి కాయలు ఈసారి బరువుగా కాశాయి. మిగిలిన కొమ్మలకు వెదురు పోట్లు పెట్టాను. రాలిన పచ్చికాయలు ఏరి గట్టు కింద పారబోశాను. కాయకు రంగు రావడానికి ఇంకా నెల పైనే పడుతుంది. మా ఆవిడ కినుయో చూరు కింద వెదురు వాసాలు కడిగింది. ముసురుకు కుడి మణికట్టు నొప్పి చేసిందని సగంలో ఆపింది. పాత దెబ్బ. నిచ్చెన మీంచి పడినప్పటిది.

మధ్యాహ్నం బస్సుకు పట్నం వెళ్ళాను. మొదటి పుస్తకం రాసేవాళ్ళకు నడిపే తరగతి. టొగావా మాస్టారు రాజధానిలో పుస్తకాల కంపెనీలో జీవితమంతా పనిచేసి వచ్చారు. ఇప్పుడు రైలు స్టేషను వెనక చిన్న గదిలో, సొంతంగా అచ్చు వేయించుకునేవాళ్ళకు పుస్తకాలు చేసిపెడుతున్నారు. తరగతిలో ఐదుగురం. దంతవైద్యుడి భార్య ఒకావిడ తన కుక్క గురించి రాస్తోంది. అందరికంటే ముందు ఆవిడదే పూర్తయ్యేలా ఉంది.

వంశంతో మొదలుపెట్టొద్దని మాస్టారు చెప్పారు. అంతమంది తాతల్ని దాటి మన దాకా రావడానికి చదివేవాడికి ఓపిక ఉండదట. నేను మొదటి రెండు అధ్యాయాలు తాతలతోనే నింపాను.

సెప్టెంబరు 13

తాతల్ని తీసేశాను. పుస్తకం సగమైంది.

సెప్టెంబరు 14

మబ్బు. తోటలో గడ్డి కోశాను.

అన్నం తినేటప్పుడు, ఆ కాగితాల్లో ఏముందని కినుయో అడిగింది. చెట్లు, మంచు, మందులు, అమ్మ, చరియ విరిగిన ఏడు అన్నాను. ముల్లంగి ఊరగాయ నా గిన్నెలో వేసింది. తరవాత, ఆ రోజు గురించి రాస్తే ఊరికి తెలిసినంతే రాయమంది. సరేనన్నాను. మాట ఇవ్వమంది. ఇచ్చాను. నాకు మాత్రం ఎందుకు అంతకంటే?

సెప్టెంబరు 19

వాన ఆగింది. నేల ఇంకా చిత్తడి.

చరియ విరిగినచోట నిలిపిన గుర్తురాయి దగ్గర ఏటా చేసేది చేశాం. పదిహేను గడపల వాళ్ళూ వచ్చారు. ఈ ఏడు ఊరి పెద్ద వంతు నాది కాబట్టి బియ్యపు సారా సాకె పోసి అగరువత్తులు వెలిగించింది నేనే. తరవాత యసుజో ఎప్పటిలాగే కథ చెప్పాడు. పక్క తోట వాడు, నా ఈడువాడు, గొంతు పెద్దది. ఆ పొద్దున మా అమ్మ కోడలిని పళ్ళు కట్టే తాడు కొనుక్కురమ్మని పట్నం పంపిందనీ, కోడలు ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో కొండ జారిందనీ, ఆరబెట్టే కొట్టంలో ఉన్న అమ్మ కొట్టంతో సహా పోయిందనీ. పంపకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కినుయో భుజం మీద చెయ్యి వేశారు. అత్త నీకు రెండో పుట్టుక ఇచ్చిందమ్మా అన్నారు. ఇది కూడా ఏటా జరిగేదే. కినుయో తల వంచి అందరికీ దణ్ణం పెట్టింది. పై ఇంటి తొకి పిన్ని మాత్రం భుజం ముట్టదు. ఎనభై దాటిన మనిషి, రాయి ముందు ఓ నిమిషం కూర్చుని లేచి వెళ్ళిపోతుంది.

కర్మ అయిన మర్నాడు కినుయో నాకు చెప్పింది, తనను ఎవరూ పంపలేదని. బట్టలు మూటగట్టుకుని పుట్టింటికి పోతోంది. తిరిగి వచ్చే ఉద్దేశం లేదు. పట్నంలో బస్సు దిగాక కబురు తెలిసి వెనక్కి వచ్చింది. తాడు మాట ఊళ్ళో ఎవరు పుట్టించారో తెలియదు. మేం కాదనలేదు. ముప్పై నాలుగేళ్ళయింది. ఆ తరవాత మేం దాని గురించి మాట్లాడుకోలేదు.

సెప్టెంబరు 26

ఎండ, గాలి. పొద్దున తాడు ఉండలు చుట్టి పెట్టాం.

మాస్టారు నా కాగితాలు తిరిగి ఇచ్చారు. ఎర్ర పెన్సిలు గీతలు తక్కువే ఉంటే సంతోషించాను. గీయడానికి ఏమీ లేక గీయలేదని తరవాత తెలిసింది. తరగతి అయ్యాక నన్ను ఆపి టీ ఇచ్చారు.

"హొసాకా గారూ, ఇందులో మంచు ఎప్పుడు పడిందో ఉంది, మందు ఎప్పుడు కొట్టాలో ఉంది. ఇది వ్యవసాయ సంఘం వాళ్ళు ఊరికే పంచిపెడతారు. మీకు ఒక్కరికే తెలిసిన సంగతి ఏదైనా ఉందా?"

ఏమీ లేదన్నాను.

"లేకపోతే ఈ పుస్తకం అక్కర్లేదండీ. నా వ్యాపారానికి ఈ మాట మంచిది కాదు, అయినా చెప్తున్నా. మొదటి పుస్తకంలో మనిషి తనకొక్కడికే తెలిసింది రాయాలి. రెండో పుస్తకం సంగతి రెండోది రాసేవాడు చూసుకుంటాడు."

తిరుగు బస్సులో దంతవైద్యుడి భార్య కుక్క చనిపోయే అధ్యాయం గురించి చెబుతూనే ఉంది. నేను వినలేదు.

అక్టోబరు 3

రోజంతా వాన. తోటకు పోలేదు.

ఏడో అధ్యాయం రాశాను. ఒక్క బిగిన అయిపోయింది. ఇలా ఎప్పుడూ రాలేదు. వారం ముందు నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న కోడలు, చేతి కట్టుతోనే మూట ఎత్తుకుని, కొట్టంలో అత్త దగ్గుతుంటే ఆ దగ్గు ఆగేదాకా గుమ్మంలో నిలబడి, తరవాత బయటపడడం. బస్సు. కొండ.

పేరు పెట్టలేదు. ఒకింటి కోడలు అని రాశాను. అమ్మ పేరు కూడా లేదు, ఒక అత్తగారు. ఇది ఎవరి గురించైనా కావచ్చు.

ఆ చరియ కింద పోయింది అమ్మ ఒక్కతే.

అక్టోబరు 4

పొద్దున మళ్ళీ చదివాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

అక్టోబరు 10

ఎండ. కాయలకు పసుపు తిరిగింది.

మాస్టారు ఏడో అధ్యాయం నా ఎదుటే చదివారు. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడిది పుస్తకం అన్నారు. ఆ దగ్గు ఆగేదాకా నిలబడడం ఎవరూ కల్పించలేరన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. అరవై మూడేళ్ళలో నన్ను ఎవరూ దేనికీ ఇలా మెచ్చుకోలేదు.

ఒక్కటే అడిగారు, ఆ కోడలు ఎందుకు వెళ్ళిపోతోందని. అత్తగారి నోరు మంచిది కాదని చెప్పాను. అయితే అదైనా ఒక మాట రాయమన్నారు. చూస్తానన్నాను.

అచ్చుకు ముందు చేయాల్సినవి ఆయన అందరికీ చెప్పారు. ఇంట్లోవాళ్ళకు పుస్తకం చేతికి వచ్చేదాకా చూపించొద్దు. వాళ్ళు కథ చదవరు, గుంపు ఫోటోలో తమ మొహం ఎలా పడిందో చూసుకుంటారు. ఊరి విషయాలు మాత్రం ఊళ్ళో తెలిసినవాళ్ళ చేత సరిచూపించుకోవాలి. తేదీ తప్పయితే, వంతెన పేరు తప్పయితే, మిగతాది నిజమైనా ఎవరూ నమ్మరు. చుట్టాలు ఎంతమంది ఉన్నారో అన్ని ప్రతులు వేయొద్దు, చుట్టాలు చదవరు. చివర్లో కృతజ్ఞతల పేజీ ఒక్క పేజీ దాటకూడదు.

అక్టోబరు 23

మంచు. కోత మొదలు. అటక మీంచి నిచ్చెనలు దించాం.

కోసిన పళ్ళు సాయంత్రం దాకా చెక్కు తీశాం. కినుయో చేయి ఈ పనిలో నాకంటే నాలుగింతలు వేగం, మణికట్టు నొప్పి ఉన్నా అంతే. చెక్కు తీసిన పళ్ళు తాడుకు కట్టి చూరు కింద వేలాడదీశాం. ఇంటి ముందంతా నారింజరంగు తెర దిగినట్టయింది.

ఏడో అధ్యాయం అచ్చుకు కూర్చి పంపారు, దిద్దడానికి. చూడడానికి బాగుంది. నా పేరు పైన చిన్నగా.

అక్టోబరు 25

పదిహేను ఇళ్ళకూ తిరిగి అడగడానికి కోతల్లో తీరిక ఎక్కడ? ఊరి అట్టకు ఎలాగూ ఈ వారం నోటీసు పెట్టాలి, కాలువ పూడిక తీసే రోజు గురించి. దాని కిందే ఏడో అధ్యాయం గుచ్చాను. "ఆ ఏటి విషయాల్లో తప్పులుంటే పక్కన పెన్సిలుతో రాయగలరు. హొసాకా ఎయికిచి" అని పైన చీటీ పెట్టాను. అట్ట ఇంటింటికీ పోతుంది, చదివినవాళ్ళు తమ ఇంటి గడిలో ముద్ర వేసి పక్కింటికి ఇస్తారు, చివరికి ఊరి పెద్ద ఇంటికి వస్తుంది. అంటే నాకే. కినుయో చూసే పని లేదు.

పొద్దున్నే యసుజో ఇంట్లో ఇచ్చి వచ్చాను.

అక్టోబరు 28

వాన. ఆరుతున్న పళ్ళకు మంచిది కాదు. చూరు చుట్టూ పరదాలు కట్టాం, లోపల కిరసనాయిలు పొయ్యి పెట్టాం.

కాలువ దగ్గర యసుజో కనిపించాడు. "ఏమయ్యా రచయితా" అన్నాడు. అంతే అని పార అందుకున్నాడు. మామూలుగా వాడు ఒక మాటతో ఆపే మనిషి కాదు.

అక్టోబరు 30

వాన.

నవంబరు 1

వాన తెరిపి. పట్నం వెళ్ళాను, పుస్తకం అట్టకు కాగితం ఎంచడానికి. ముదురు గోధుమరంగు ఎంచాను. మాస్టారు, వెన్ను మీద పేరు స్పష్టంగా పడాలి, పుస్తకాన్ని జనం జీవితమంతా వెన్ను వైపు నుంచే చూస్తారు అన్నారు. మంచి మాట.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఊరి అట్ట కుంపటి బల్ల మీద ఉంది. కినుయో చూరు కింద పళ్ళు తిప్పుతోంది. తొకి పిన్ని తెచ్చి ఇచ్చిందట. నేను లేనని పిన్నికి తెలుసు, బస్సెక్కడం చూసింది.

ముద్రలన్నీ పడ్డాయి, ఎర్రగా, గడుల్లో వరసగా. తొకి పిన్ని గడి ఖాళీ.

జనం శ్రద్ధగానే చదివారు. బస్సు స్టాపు అప్పట్లో వంతెన దగ్గర కాదు, దుకాణం ముందు ఉండేదని ఒకరు. వాన ఆ రోజు పొద్దున కాదు, ముందు రోజే ఆగిందని ఒకరు. బస్సు రంగు ఆకుపచ్చ అని ఇంకొకరు. యసుజో చేతిరాత నాకు తెలుసు: "కోతకు నెల ముందు నిచ్చెనలు అటక మీద ఉంటాయి కదా. ఎక్కడ పడింది?"

కోడలి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

యసుజో ప్రశ్న వేసిన వాక్యం మీద పెన్సిలు గీత ఉంది. నిచ్చెన మీంచి పడి, అన్న మాటల మీద. ఈ చివర నుంచి ఆ చివరకు, నిదానంగా గీసిన గీత. దాని బదులు ఏమీ రాసి లేదు. యసుజో పెన్సిలు కాదు. మా వంటింటి పెన్సిలు, మొన లావుగా ఉంటుంది.

అన్నం మామూలుగానే పెట్టింది. చేప, మిసో చారు.

నవంబరు 2

తొకి పిన్ని ఇంటికి వెళ్ళాను, ముద్ర వేయడం మరిచిపోయినట్టున్నావని. పొయ్యి ముందు కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. లేవలేదు, కూర్చోమనలేదు.

"మరిచిపోలేదు ఎయికిచీ."

చదివావా అని అడిగాను.

"చదవడానికేముంది? ఆ పొద్దున నేను దుకాణం ముందే ఉన్నా. ఊదారంగు మూట. మెడకు వేలాడేసుకున్న చెయ్యి. తాడు కోసం వెళ్ళేవాళ్ళు మూట తీసుకెళ్తారా? మా ఆయనకు కూడా చెప్పలేదు, చచ్చేదాకా. ఆ తాడు మాట పుట్టించింది నేనే. నువ్వు దాన్ని అట్టకు గుచ్చి ఊరంతా ముద్రలేయించావు."

పేరు రాయలేదు కదా అన్నాను.

ఆమె నన్ను చూసి చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

ముసలితనంలో మనుషులకు కోపం ఎక్కువవుతుంది.

నవంబరు 4

మబ్బు. చెక్కు తీయడానికి ఏటా వచ్చే ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పళ్ళ గురించే మాట్లాడారు. కినుయోను చాలా మర్యాదగా పలకరించారు. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ వంటింటి గుమ్మంలో గంటసేపు నిలబడి కబుర్లాడేవాళ్ళు, ఈసారి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. కోతల కాలం, ఎవరి పనులు వాళ్ళకుంటాయి.

నవంబరు 5

చలి. మూడో వరస పళ్ళకు అక్కడక్కడ నల్లబూజు. తీసి పారేశాం.

పని అయ్యాక కినుయో చేతులు కడుక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు. మాట మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"ఏమండీ, మీరు నాకు మాటిచ్చారు."

పేరు లేదని చెప్పాను. మాస్టారు చెప్పింది చెప్పాను, మనకొక్కళ్ళకే తెలిసింది రాయాలని.

"మీకొక్కళ్ళకే తెలిసింది అది కాదు. నేను వెళ్ళిపోతున్నానని రాశారు. ఎందుకో రాయలేదు. నిచ్చెన అని రాశారు."

నేను పొయ్యి మంట తగ్గించాను.

"అందరి చేతా తప్పులు దిద్దించారు. బస్సు రంగు కూడా దిద్దించారు. నేనూ ఒకటి దిద్దాను. ఆ అధ్యాయం తీసెయ్యండి, లేదా ఆ ఒక్క ముక్క నిజం రాయండి. రెండిట్లో ఏది చేసినా ఈ ఇంట్లోనే ఉంటాను. ఊరు ఏమనుకున్నా ఉంటాను. రెండూ చేయకపోతే ఉండను."

ఇంత పొడుగు మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో. నేను చూస్తానన్నాను. ఆమె లేచి బియ్యం కడిగింది.

కోతల్లో అలసట ఎక్కువ. ముందు కూడా కోతల్లో ఇలా ఏదో ఒకటి అనేది. అని ఉంటుంది.

నవంబరు 8

కారణం రాద్దామని కూర్చున్నాను. వాన చప్పుడు. అమ్మ నోరు గురించి ఒక పేజీ రాశాను. బాగానే వచ్చింది. తరవాత చెయ్యి సంగతి దగ్గర ఆగాను.

నిచ్చెన మీంచి పడింది.

నవంబరు 9

మళ్ళీ కూర్చున్నాను. రాలేదు.

నవంబరు 10

ఆ సెప్టెంబరులో నేను సాకె ఎక్కువ తాగేవాణ్ణి. పళ్ళ ధర పడిపోయిన ఏడు. ఇది పుస్తకానికి అక్కర్లేదు.

నవంబరు 14

ఎండ వచ్చింది, చివరికి. పరదాలు ఎత్తాం. పళ్ళ పైపొర గట్టిపడింది. వేళ్ళతో పిసికి లోపలి గుజ్జు మెత్తబరచడం మొదలుపెట్టాం. కినుయో మణికట్టుకు గుడ్డ చుట్టుకుని చేసింది.

దిద్దుబాట్లు ఇచ్చేయడానికి పట్నం వెళ్ళాను. స్టాపు మార్చాను, వాన మార్చాను, బస్సు రంగు రాశాను. గీత గురించి మాస్టారు అడిగారు. ఇంట్లో వాళ్ళు గీశారన్నాను. ఆయన ఆ గీతను చాలాసేపు చూశారు. యసుజో ప్రశ్న కూడా చదివారు. ఆయనకు నిచ్చెనల సంగతి ఏం తెలుసని?

"హొసాకా గారూ, ఆ కోడలు మీ ఆవిడ అని నాకు ముందే చెప్పి ఉంటే, ఇంట్లోవాళ్ళకు చూపించొద్దని మీకు చెప్పేవాణ్ణి కాదు."

ఇప్పుడేం చేయమంటారని అడిగాను.

"రాయగలిగితే రాయండి. లేకపోతే అధ్యాయం తీసెయ్యండి. పుస్తకం పలచబడుతుంది, పడనివ్వండి. సగం చెప్పిన అధ్యాయం కంటే లేని అధ్యాయమే నయం."

అది లేకపోతే పుస్తకమే లేదని మొన్న మీరే అన్నారు కదా అన్నాను.

"అన్నాను. పుస్తకం లేకపోయినా మనుషులు బతుకుతారండీ."

ఆయన ఊరి మనిషి కాదు. పుస్తకం ముందు ఒక మాట, తరవాత ఒక మాట. సోమవారం దాకా గడువిచ్చారు. కాగితాలు ఇంటికి తెచ్చాను.

నవంబరు 16

గీత తుడిచేశాను. పెన్సిలు కాబట్టి బాగానే పోయింది. కాస్త మరక ఉంది, అచ్చులో కనపడదు. యసుజో ప్రశ్న కూడా తుడిచాను. నెల ముందు అన్నదే కదా వాడి అభ్యంతరం. చరియకు వారం ముందు అని ఉన్నచోట, ఆ మధ్య, అని మార్చాను. ఇప్పుడు ఎవరూ తప్పు పట్టలేరు.

నవంబరు 17

మాస్టారికి ఇచ్చేశాను. ఆయన చూశారు. రసీదు రాసి ఇచ్చారు.

నవంబరు 18

మాస్టారు ఏమన్నారని కినుయో అడిగింది. పని నడుస్తోందన్నాను. అధ్యాయం తీశారా అని అడిగింది. సరిచేశానన్నాను. నిజమే, చాలా చోట్ల సరిచేశాను.

ఆమె నా మొహం చూసి, సరే, పుస్తకం వచ్చాక చూస్తాను అంది.

నవంబరు 27

గట్టి మంచు. చక్కటి ఎండ. ఇలాంటి వాతావరణమే పళ్ళకు కావాలి.

కినుయో మనసు కుదుటపడినట్టుంది. చలిబట్టలన్నీ దించి ఉతికి ఆరేసింది. ముల్లంగులు రెండు తొట్ల నిండా ఊరబెట్టింది, ఏటా ఒకటే తొట్టి పెట్టేది. ఉప్పు ఎప్పుడు చూడాలో, బరువురాయి ఎప్పుడు తగ్గించాలో నాకు వివరంగా చెప్పింది. మందుల షాపు వాడి కార్డు ఎక్కడ ఉంటుందో చూపించింది. ఇన్నేళ్ళలో ఈ ఇంటి సంగతులు నాకు ఎన్ని తెలియవో.

డిసెంబరు 3

పళ్ళు దించడం మొదలు. పళ్ళ తీపి పైకి తేలి తెల్లపొడి పడుతోంది. మొదటి బుట్ట అమ్మ ఫోటో ముందు పెట్టాను.

సముద్రం ఒడ్డున ఉండే కినుయో చెల్లెలి నుంచి ఫోను. నేనే తీశాను. అక్క ఉందా బావగారూ అని మాత్రం అడిగింది. కినుయో ఎక్కువ మాట్లాడలేదు, ఊఁ అంది, మొదటి బస్సే అంది.

కొత్త సంవత్సరానికి వస్తారేమో.

డిసెంబరు 10

మబ్బు. పుస్తకాలు వచ్చాయి. వ్యానువాడు కట్టలు గుమ్మంలో దించిపోయాడు. తాడు కోసి ఒకటి తీశాను. గోధుమరంగు అట్ట బాగుంది. వెన్ను మీద నా పేరు. వాసన కొత్త కాగితం. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. యసుజోకి ఇద్దామని మొదట బయల్దేరి, వాడి తోట దాకా వెళ్ళి, వాడు చెట్లకు మందు కొడుతుంటే తిరిగి వచ్చాను.

కినుయో చేతులు తుడుచుకుని ఒక ప్రతి తీసుకుంది. మొదటి పేజీ నుంచి కాదు, నేరుగా ఏడో అధ్యాయం తెరిచింది. ఒక పేజీ, రెండో పేజీ. వేలు ఒకచోట ఆగింది. మూసి, పుస్తకాన్ని కట్ట మీద, మిగతావాటికి సరిగ్గా సర్ది పెట్టింది.

బాగా కుట్టారు అంది.

డిసెంబరు 11

తరగతిలో అందరికీ ఒక్కో ప్రతి ఇచ్చాను. దంతవైద్యుడి భార్య తన కుక్క పుస్తకం నాకిచ్చింది. రాత్రి తిరగేశాను. ఆఖరి రోజుల్లో కుక్క కరిస్తే దాన్ని ఆవిడ చీపురుతో కొట్టిందట. అది కూడా రాసింది. అక్కర్లేని విషయం.

డిసెంబరు 12

రాత్రి గడ్డకట్టేంత చలి. పగలు ఎండ. చివరి వరస పళ్ళు దించి పెట్టెల్లో సర్దాం. కినుయో చూరు కింద వాసాలు తుడిచి, తాళ్ళు ఉండలు చుట్టి అటక మీద పెట్టింది. నిచ్చెనలు నేను ఎక్కించాను. ఈ ఏటి పని అయిపోయింది.

ఊరి అట్టకు కొత్త నోటీసు రాయాలి, ఏడాది చివరి శుభ్రం పని గురించి. పుస్తకం ఇళ్ళకు ఎలా పంచాలో తేల్చుకోలేదు.

డిసెంబరు 13

మంచు. గాలి లేదు. పని లేదు.

కినుయో ఉదయం మొదటి బస్సుకు వెళ్ళింది. మూట కాదు, పెట్టె. ఎడమచేత్తో పట్టుకుంది. తొకి పిన్ని స్టాపు దాకా తోడు వెళ్ళి, బస్సు మలుపు తిరిగాక తిరిగి వచ్చింది.